డి మెసాన్లు ఎందుకు తగ్గుతాయి? సిమ్యులేషన్ పాఠాలు – 3: పెట్టె పరీక్ష

పోయిన భాగంలో చార్మ్ క్వార్కుల (బరువైన ఒక రకం మూలకణాల) తొలి ద్రవ్యవేగాలు సిద్ధం చేసుకున్నాం. ఇప్పుడు వాటిని క్వార్క్-గ్లువాన్ ప్లాస్మాలోకి, అంటే అతివేడిలో క్వార్కులు, గ్లువాన్లు విడివడి ఉండే పదార్థంలోకి వదలాలి. ఎల్‌హెచ్‌సీ అనే భారీ కణ త్వరణయంత్రంలో సీసం కేంద్రకాలు 5.02 టీఈవీ (1 టీఈవీ = 1000 జీఈవీ; ఇవి శక్తి ప్రమాణాలు) దగ్గర నేరుగా గుద్దుకున్నప్పుడు, 5–10 జీఈవీ ద్రవ్యవేగ ప్రాంతంలో డి మెసాన్లు (చార్మ్ క్వార్కు ఉన్న కణాలు) ప్లాస్మా లేకపోతే ఆశించిన వాటిలో దాదాపు ఐదో వంతే కనిపిస్తాయి. చార్మ్ ఎక్కడికీ మాయం కాలేదు, ద్రవ్యవేగం పోగొట్టుకుని కిందికి జారిందంతే. మనం లెక్కకట్టేది ఆ జారుడునే.

చార్మ్ ద్రవ్యరాశి 1.5 జీఈవీ, ప్లాస్మా ఉష్ణోగ్రత 0.3 జీఈవీ అనుకుందాం. ఇంత బరువైన దాన్ని ఒక్కో తాకిడీ కొంచెమే కదిలిస్తుంది. అందుకే 1988లో భౌతిక శాస్త్రవేత్త స్వెటిట్స్కీ దీన్ని బ్రౌనియన్ చలనంగా (నీటిలో రేణువు చిన్న చిన్న తాకిళ్లతో అటూఇటూ కదిలినట్టు) లెక్కించాడు. మన లూప్‌లో ఉండేవి రెండే పనులు: ఘర్షణతో తగ్గించడం, యాదృచ్ఛికంగా ఒక తోపు తోయడం.

తోపుల బలాన్ని చెప్పే వ్యాపన గుణకం ఫెర్మీకి 0.1 చదరపు జీఈవీ అని స్థిరంగా పెట్టండి (ఫెర్మీ అంటే మీటరులో 10⁻¹⁵ వంతు; కాంతివేగం 1 అనుకుంటాం కాబట్టి కాలమూ ఫెర్మీల్లోనే). దాన్ని క్వార్కు శక్తి, ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. లూప్‌లో ఒక్కో కాలపు అడుగు 0.02 ఫెర్మీ. 10 జీఈవీ క్వార్కుకు ఒక్క అడుగులో ఘర్షణ తీసేది 0.0066 జీఈవీ మాత్రమే. తోపు పరిమాణం మాత్రం ఒక్కో దిశలో 0.063 (వర్గాల సగటుకు వర్గమూలం), అంటే దాదాపు పది రెట్లు! కంగారు పడకండి. 500 అడుగుల తర్వాత చూడండి: తోపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 1.4 దగ్గరే ఉంటాయి, ఘర్షణ మాత్రం కూడుకుంటూ పోయి 3.3 లాగేస్తుంది.

ప్రయోగ ఫలితాలతో పోల్చాలన్న తొందర అందరికీ ఉంటుంది. ముందు పెట్టె పరీక్ష చేయండి. ఉష్ణోగ్రత మార్చకుండా 10,000 క్వార్కుల్ని 100 ఫెర్మీల దాకా నడపండి. చివర్లో ద్రవ్యవేగ వర్గాన్ని శక్తితో భాగించి సగటు తీస్తే, అది ఉష్ణోగ్రతకు మూడు రెట్లు, అంటే 0.9 జీఈవీ రావాలి. రెండు శాతం అటూఇటూ అయితే పర్లేదు. 0.7 కూడా చేరలేదా? ఘర్షణ గుణకంలో శక్తి బదులు ద్రవ్యరాశి పెట్టారేమో చూడండి. నా ఉద్దేశంలో ఈ పని మొత్తంలో జనం ఎక్కువగా జారిపడే చోటు ఇదే. గ్రాఫ్ చూస్తే బాగానే ఉంటుంది మరి!

అడుగును 0.01కి తగ్గించి మళ్లీ నడపండి. సగటు కదలకపోతే సరే. ప్లాస్మా వ్యాకోచిస్తూ చల్లబడటాన్ని వచ్చే భాగంలో చేరుద్దాం.