సోలార్ యూనిట్ల లెక్క తేడాగా ఉందా?

డాబా మీద సోలార్ పెట్టించుకున్న కొత్తలో చాలామందికి ఒకటే టెన్షన్. 3 కిలోవాట్ల సిస్టమ్, సోలార్ ఇన్వర్టర్ యాప్‌లో చూస్తే ఈరోజు 12 యూనిట్లు వచ్చాయి. కిందికొచ్చి నెట్ మీటరు (ఇచ్చిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ లెక్కపెట్టే మీటరు) చూస్తే ఎక్స్‌పోర్ట్, అంటే గ్రిడ్‌కు (బయటి కరెంటు లైన్లకు) మనం ఇచ్చింది, 7 మాత్రమే పెరిగింది. మిగతా 5 ఏమైనట్టు?

ఎక్కడికీ పోలేదు. పగలు మీ ఫ్రిజ్, ఫ్యాన్లు, నీళ్ల మోటారు వాడేశాయి. ఆ కరెంటు మీటరు దాకా వెళ్లదు కాబట్టి అందులో కనిపించదు.

ఇంటి అసలు వాడకం తెలియాలంటే, యాప్ యూనిట్లలోంచి ఎక్స్‌పోర్ట్ తీసేసి, ఇంపోర్ట్ (గ్రిడ్ నుంచి తీసుకున్నది) కలపండి. గ్రిడ్ నుంచి 6 తీసుకుని ఉంటే, ఆ రోజు మీ వాడకం 11 యూనిట్లు. బిల్లుకు లెక్క ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్‌ల మధ్య తేడా (ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ తప్పవనుకోండి).

రీడింగ్ తీసిన రోజే మీటరులోని ఆ రెండు అంకెలూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. డిస్‌ప్లే మారుతూ ఉంటుంది, కాస్త ఓపిక పట్టాలి. ఎండ బాగా కాస్తున్నా యాప్‌లో యూనిట్లు తగ్గుతుంటే ముందు ప్యానెళ్ల మీద దుమ్ము చూడండి. తెల్లవారుజామునే కడగండి. బోరు నీళ్లయితే ఆరేలోపే తుడిచేయాలి, లేదంటే తెల్లమరకలు కట్టేస్తాయి.