రెండో పాముకు రెండో పెట్టె

పాము పెంచడం మొదలుపెట్టిన వాళ్లు కొన్నాళ్లకు నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇంకోటి తెస్తున్నా అక్కా, ఉన్న ట్యాంక్‌లోనే వేసేయొచ్చా?" వద్దు. ట్యాంక్ ఎంత పెద్దదైనా, రెండూ ఒకే జాతివైనా వద్దు. పాపం ఒక్కటే ఉంది, తోడుంటుంది కదా అని అయితే అసలే వద్దు. చిలకకు తోడు కావాలి గానీ పాముకు అక్కర్లేదు. బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ ఆఫ్రికాలో ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఒంటిగా బతికే ప్రాణి. దానికి రెండో పాము అంటే తన చోటుకు పోటీ వచ్చినట్టే.

"మరి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి కదా, ఎంత ముద్దుగా ఉంటాయో" అంటారు. అక్కడే అందరూ పొరబడేది. పెట్టెలో వెచ్చని చోటు ఒకటే ఉంటుంది, దాక్కునే గూడు కూడా తరచూ ఒకటే. రెండింటికీ అదే కావాలి. పెద్దది దాన్ని ఆక్రమిస్తుంది, చిన్నది కింద నలుగుతూనైనా ఉంటుంది, లేదంటే చల్లని మూలకు పోయి తిండి మానేస్తుంది. పాము అరవదు, పక్క పామును కరిచి గొడవ చేయదు, కాబట్టి మనకు అంతా ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఊళ్లల్లో రెండు జెర్రిపోతులు నిలువునా లేచి పెనవేసుకుంటే సయ్యాట అనుకుంటూ వీడియోలు తీస్తారు చూడండి, అది చాలావరకు రెండు మగపాముల కుస్తీ. ఒకదాని తలను ఇంకొకటి నేలకు అదమాలని చూస్తుంటుంది. పాముల విషయంలో మన కంటికి ప్రేమలా కనిపించేదాన్ని అంత తొందరగా నమ్మకూడదు.

ఇంకా గట్టి కారణాలున్నాయి. ఒకే ఎలుకను రెండూ చెరోవైపు పట్టుకుంటే రెండో పాము తల కూడా మొదటిదాని నోట్లోకి పోవచ్చు. కింగ్ స్నేక్ అయితే ఎలుక కూడా అక్కర్లేదు, మిగతా పాములు కూడా దాని ఆహారమే. పొద్దున చూస్తే పెట్టెలో వాంతి ఉంటుంది. ఎవరిది? డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు. క్రిప్టో అనే పరాన్నజీవితో వచ్చే కడుపు జబ్బు గానీ, పాములను పట్టే మైట్స్ అనే చిన్న పురుగులు గానీ ఒకదానికి వస్తే రెండోదానికీ వచ్చినట్టే. ఆడా మగా కలిసి ఉంటే ఇంకో తలనొప్పి. ఒళ్లు ఎదగకముందే ఆడపాము గుడ్లకు వస్తుంది, గుడ్డు లోపల ఇరుక్కుంటే ప్రాణం మీదికే.

కెనడాలో గార్టర్ పాములు చలికాలం వేల సంఖ్యలో ఒకేచోట గడుపుతాయి. నిజమే. అవి వేరే రకం, మీ బాల్ పైథాన్‌కు ఆ లెక్క చెల్లదు.

చోటు లేదంటారా? మల్కాజ్‌గిరిలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్, పాములేమో రెండు. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టించాను. పై పెట్టె ఎప్పుడూ కాస్త వేడిగా ఉంటుంది కాబట్టి బాల్ పైథాన్ పైన, చల్లదనం కోరే కార్న్ స్నేక్ కింద. పెద్ద బాల్ పైథాన్‌కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. ప్లైవుడ్‌తో చేయించి ముందు జరిపే అద్దాలు పెట్టించండి, వాటికి తాళం తప్పనిసరి. ప్రతి పెట్టెలో రెండు గూళ్లు ఉండాలి, వేడి వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి.

పెట్టె వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకండి. ఒకటే కొని రెండు హీట్ మ్యాట్‌లు దానికి తగిలిస్తే సెన్సర్ ఉన్న పెట్టె బాగుంటుంది, రెండోది కాలిపోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో టెంపరేచర్ కంట్రోలర్లు దొరుకుతాయి, పెట్టెకొకటి తీసుకోండి. బాల్ పైథాన్‌కు వెచ్చని చోట 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 26 దాకా. కార్న్ స్నేక్‌కు 29 నుంచి 31 చాలు, అవతల వైపు 24.

మన ఊళ్లో చలికాలం కంటే ఎండాకాలానిదే ఎక్కువ టెన్షన్. ఏప్రిల్, మే నెలల్లో గది వేడే హీట్ మ్యాట్‌ను మించిపోతుంది, గాలిలో తేమ ఉండదు, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. ఆ గదిలో ఏసీ కంటే కూలరే నయం, చల్లదనంతో పాటు తేమ కూడా ఇస్తుంది. పెట్టెలో పరిచే కోకోపీట్‌ను (కొబ్బరి పొట్టు) కాస్త తడిపి ఉంచండి. మా అత్తయ్య మాత్రం నాగుల చవితికి వీటికి గిన్నెలో పాలు పోద్దామంటుంది. నీళ్లే పోస్తాను.

ఇప్పటికే రెండూ కలిసి ఉంటే ఈరోజే విడదీయండి. పాతదాన్ని దాని పెట్టెలోనే ఉంచి, కొత్తదాన్ని వేరే గదిలో మామూలు ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చండి. మూతకు గాలి రంధ్రాలు, క్లిప్పులు ఉండాలి, ఆ టబ్ కిందా హీట్ మ్యాట్, దానికీ థర్మోస్టాట్ ఉండాల్సిందే. కింద తెల్ల టిష్యూ పేపర్ పరచండి. మైట్స్ ఉంటే ఆవగింజ కంటే చిన్న నల్లచుక్కలు పేపర్ మీద నడుస్తూ కనిపిస్తాయి, పాము కూడా నీళ్ల గిన్నెలోనే చుట్టుకుని ఉంటుంది. ఓ వారం రెండింటినీ ముట్టుకోకండి, తర్వాతే ఎలుక పెట్టి చూడండి. కొత్తదాన్ని మూడు నెలలు ఆ వేరే గదిలోనే ఉంచాలి, ఆ తర్వాత కూడా దేని పెట్టె దానిదే. రోజూ పాతదాని పని ముగించాకే కొత్తదాని దగ్గరికి వెళ్లండి, పట్టకారు కూడా దేనికది. పెట్టెకు టేప్ అంటించి ఎప్పుడు తిన్నదీ, ఎప్పుడు కుబుసం విడిచిందీ రాస్తుంటే తేడా వచ్చినప్పుడు వెంటనే తెలుస్తుంది. అమ్మేవాళ్లు "రెండూ కలిపే ఉంచాం, ఏం కాలేదు, లైట్ తీసుకోండి" అంటారు. వాళ్ల దగ్గర అవి ఉండేది కొద్ది రోజులే.

కాగితాల సంగతి. మన దేశపు పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. కాలనీలోకి పాము వస్తే పాములను కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేయండి, డబ్బాలో దాచుకోకండి. బాల్ పైథాన్ సైట్స్ (CITES) అనే అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉంది కాబట్టి దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, ఈ నిబంధనలు 2024లో వచ్చాయి. పిల్లలు పుడితే అదీ చెప్పాలి, ఆడా మగా ఒకే పెట్టెలో ఉంచేవాళ్లు ఇది కూడా లెక్కలో పెట్టుకోండి.