కర్రసాములో, ఈటె విసరడంలో ఆటను ఆపే పద్ధతి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఊళ్లలో సంక్రాంతికీ అమ్మవారి పండుగలకూ కర్ర పట్టే కుర్రవాళ్లకు దెబ్బ ఎలా వేయాలో, ఎలా కాసుకోవాలో గురువులు శ్రద్ధగానే నేర్పుతారు. అంతకంటే ముందు నేర్పవలసింది ఆటను మధ్యలో ఆపడం.

ఆపడానికి ఒకే మాట ఉండాలి, అదీ పొట్టిగా ఉండాలి. "ఆగు" చాలు, ఆ క్షణాన మర్యాదలు చూడనక్కరలేదు. గురువుకే కాదు, బరి చుట్టూ కట్టిన తాడు బయట నిలబడి చూసే పిల్లవాడికి కూడా ఆ కేక వేసే హక్కు ఉండాలి. కర్రలో చీలిక కనబడినా, ఎవరైనా తూలిపడినా, కళ్లజోడు జారినా, బరిలోకి కుక్క చొరబడినా, ఆట పంతంలోకి దిగుతున్నదని అనిపించినా ఆపవచ్చు. కేక విన్నవారందరూ అదే మాటను మళ్లీ అరిచి, కర్ర వేగం తగ్గించి, దాని కొనను తమ కాలి పక్కన నేలకు ఆనించాలి. ఒక్క అడుగైనా వెనక్కు వేయకూడదు, పడినవాడు మన మడమల దగ్గరే ఉండవచ్చు.

ఊరేగింపులో డప్పుల మోతకు కేక వినబడదు కాబట్టి, చెయ్యి పైకెత్తగానే డప్పు ఆగాలని, డప్పు ఆగితే కర్ర ఆగాలని వాయించేవారితో ముందే మాట్లాడుకోవాలి.

అనవసరంగా ఆపాడని ఎవరినీ అందరిలో కసరకూడదు. ఒకసారి కసురు తిన్నవాడు నిజంగా అవసరమైన వేళ నోరు మెదపడు. ఓడిపోతున్నప్పుడల్లా ఆపేవాడుంటే ఆట ముగిశాక పక్కకు పిలిచి చెప్పవచ్చు.

ఈటె దగ్గరైతే, విసిరినదాన్ని తిరిగి తెచ్చుకునే వేళ మరింత జాగ్రత్త కావాలి. పోటీలలో పురుషుల ఈటె 800 గ్రాములు, మహిళలది 600 గ్రాములు ఉంటుంది. పిల్లలది తేలికైనదే అయినా మొన మొనే. అందరూ విసిరి, పర్యవేక్షకుడు "తెచ్చుకోండి" అన్నాకనే గీత దాటాలి, అదీ నడిచే వెళ్లాలి. నేలలో దిగిన ఈటె తోక విసిరినవాడి వైపు వాలి ఉంటుంది. పిల్లవాడి కంటి ఎత్తున ఉండే ఆ కొన ఎదురుగా వచ్చేవాడికి చిన్న చుక్కలా మాత్రమే కనబడుతుంది, పరుగెత్తేవాడికి అదీ కనబడదు. అందుచేత పక్కనుంచి చేరి, వెనుక ఎవరూ లేరని చూసుకుని, ఈటెను నిలువుగా చేసి పైకి లాగి, మొన కిందికి ఉంచి తేవాలి. విసరడానికి పరుగు అందుకున్నవాడు "ఆగు" వింటే ఈటెను వదలకుండా మొన దించి నిలబడాలి.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, వాంతి అయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. "నాకేం కాలేదు" అని అతను ఎంత మొండికేసినా ఆ రోజుకు మళ్లీ బరిలోకి దింపకూడదు. ఒంట్లో గుచ్చుకున్నదాన్ని పీకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆపే హక్కు అందరిదీ అయినా, తిరిగి మొదలుపెట్టించే అధికారం ఒక్కరికే ఉండాలి. ఆపినవాణ్ణి కారణం అడిగి, అది తొలగిందని కళ్లారా చూసి, ఇద్దరు ఆటగాళ్లూ "సిద్ధం" అన్న తరువాతే ఆయన "కానివ్వండి" అనాలి. చీలిన కర్రను గోడకు ఆనించి వదలకుండా అక్కడే రెండు ముక్కలు చేయాలి. లేకపోతే పండుగ హడావుడిలో మరొకడు దాన్నే పట్టుకుని దిగుతాడు.