చెరువు గట్టు మీది పెట్టెకి జీరోఎంక్యూ ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి

జీరోఎంక్యూ అంటే ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకి మెసేజ్‌లు మోసే లైబ్రరీ. మొదటి ఏడాది దానిలో నేను ఒక్క ఆప్షన్ కూడా ముట్టుకోలేదు. సాకెట్ (మెసేజ్‌లు వచ్చిపోయే ద్వారం) తెరిచాను, కనెక్ట్ చేశాను, పంపాను, పనిచేసింది. పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ల మండలంలో మా బాబాయి రొయ్యల చెరువు గట్టు మీద ఉన్న పెట్టె అది. లోపల రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, ఒక 4జీ డాంగిల్, చిన్న బ్యాటరీ, నీళ్లలోకి దిగిన ఆక్సిజన్ ప్రోబ్. పది సెకన్లకోసారి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, కొలిచి, పుష్ సాకెట్ నుంచి సర్వర్‌లోని పుల్ సాకెట్‌కి పంపుతుంది. డీవో 3.5 కంటే తగ్గితే సర్వర్ ఫోన్‌కి అలారం కొడుతుంది.

రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రాత్రంతా నీళ్లలో ఉన్నవన్నీ పీల్చుకోవడమే తప్ప, ఎండ లేక నాచు తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. సరిగ్గా ఆ వేళలో ఒకరోజు 3:41కి కరెంటు పోయింది. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. టవర్ సిగ్నల్ కూడా పోయి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. స్క్రీన్ మీద మాత్రం డీవో 4.6 అని పచ్చగా అలాగే ఉంది. జనరేటర్ వేయాల్సిన కుర్రాడు అలారం మోగితే లేద్దాంలే అని పడుకున్నాడు. 3:50కి బాబాయికి ఎందుకో మెలకువ వచ్చి గట్టు మీదకి వెళ్తే రొయ్యలు పైకి తేలుతున్నాయి. "ఏరా, నీ పెట్టె నిద్రపోయిందా?" అని ఫోన్. అలారం 3:57కి మోగింది.

పెట్టె నిద్రపోలేదు. దాని లాగ్ తీస్తే ఆ పదహారు నిమిషాల్లో "పంపాను" అని తొంభైకి పైగా లైన్లున్నాయి. సర్వర్‌లో వాటిలో ఒక్కటి కూడా లేదు. చార్ట్‌లో ఎడమపక్క 4.6, కుడిపక్క 2.8, మధ్యలో ఖాళీ.

జరిగింది ఇదీ. సిగ్నల్ తిరిగొచ్చినప్పుడు మొబైల్ నెట్‌వర్క్ మా పాత కనెక్షన్‌ని మర్చిపోయింది. మర్చిపోయానని ఎవరికీ చెప్పలేదు. పెట్టెలోని లినక్స్ కెర్నెల్‌కి (నెట్ కనెక్షన్లు చూసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) ఆ టీసీపీ కనెక్షన్ బతికే ఉందనిపించి, జవాబు రాని ప్యాకెట్లనే మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంది. లినక్స్ డిఫాల్ట్‌గా అలా పదిహేనుసార్లు ప్రయత్నించి, సుమారు 15 నిమిషాల తర్వాతే చేతులెత్తేస్తుంది. ఈలోపు జీరోఎంక్యూ మన రీడింగ్‌లన్నీ కెర్నెల్ చేతిలో పెట్టేసి తన పని అయిపోయిందనుకుంది. సెండ్ పిలిచినప్పుడు తప్పు రాలేదంటే మెసేజ్ క్యూలోకి వెళ్లిందని మాత్రమే అర్థం, చేరిందని కాదు. కనెక్షన్ చచ్చినప్పుడు కెర్నెల్ బఫర్‌లో ఉన్నవన్నీ దాంతోపాటే పోయాయి.

అప్పటి నుంచి ఏ సాకెట్ రాసినా ఆప్షన్ల పేజీ తెరవడానికి ముందు కాగితం మీద ఒక ప్రశ్న రాసుకుంటున్నాను: అవతలివాడు లేనప్పుడు ఈ మెసేజ్‌ని ఏం చేయాలి? దాచాలా, పారేయాలా, ఆగాలా? కింద చెప్పే ఆప్షన్లలో చాలావరకు ఈ ప్రశ్నకి జవాబులే.

పేర్ల సంగతి ముందు చెప్పేస్తాను. ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. కోడ్‌లో సెండ్‌కి ఎస్, ఎన్, డీ మూడక్షరాలే ఉంటాయి, రిసీవ్‌కి ఆర్, సీ, వీ, ఇంటర్వెల్‌కి ఐ, వీ, ఎల్. సమయాలన్నీ మిల్లీసెకన్లలో. నేను వాడేది పైథాన్, కింద లైబ్రరీ 4.3 వెర్షన్.

మొదట హార్ట్‌బీట్. లైబ్రరీ 4.2 నుంచి ఇది లోపలే ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. హార్ట్‌బీట్ ఇంటర్వెల్‌కి 10000 ఇచ్చాను: పది సెకన్లకోసారి లైబ్రరీ తనంతట తనే అవతలి వైపుకి పింగ్ పంపుతుంది. హార్ట్‌బీట్ టైమవుట్‌కి 30000: పింగ్ పంపాక అంతసేపు అటునుంచి ఏ చప్పుడూ లేకపోతే కనెక్షన్‌ని తెంపేసి కొత్తది మొదలుపెడుతుంది. హార్ట్‌బీట్ టీటీఎల్‌కి 40000: ఇది సర్వర్‌కి మనం ముందే చెప్పిపెట్టే మాట, నా నుంచి నలభై సెకన్లు ఏమీ రాకపోతే నన్ను వదిలేయ్ అని. టీటీఎల్ ఒక్కటే పెట్టి ఇంటర్వెల్ వదిలేస్తే అది పనిచేయదు. దీంతో పదహారు నిమిషాల గుడ్డితనం నలభై సెకన్ల లోపుకి దిగింది.

"దీనికి టీసీపీ కీప్ అలైవ్ ఉందిగా" అని నా పక్క సీటు మిత్రుడు అన్నాడు. ఖాళీగా ఉన్న కనెక్షన్ బతికుందో లేదో కెర్నెల్ అప్పుడప్పుడూ పిలిచి చూడటం అది. ఉంది, జీరోఎంక్యూలో దానికీ ఆప్షన్లున్నాయి. కానీ లినక్స్‌లో దాని మొదటి పిలుపుకి డిఫాల్ట్ గడువు 7200 సెకన్లు, అంటే రెండు గంటలు. తగ్గించుకోవచ్చు. అయినా జవాబు రాని డేటా ఇంకా చేతిలో ఉన్నంతసేపు కీప్ అలైవ్ వంతే రాదు, ఆ మళ్లీ పంపే గోలే నడుస్తుంది. మా పెట్టె ఎప్పుడూ ఏదో ఒకటి పంపుతూనే ఉంటుంది కాబట్టి ఈ మందు మా రోగానికి కాదు.

ఇక్కడ నేను ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను. హార్ట్‌బీట్ మూడు లైన్లూ కనెక్ట్ లైన్ కింద రాశాను. ఎర్రర్ రాలేదు, విలువ తిరిగి అడిగితే 10000 అనే చెప్పింది, పింగ్ మాత్రం ఒక్కటీ వెళ్లలేదు. జీరోఎంక్యూలో చాలా ఆప్షన్లు ఆ తర్వాత చేసే బైండ్‌కి, కనెక్ట్‌కి మాత్రమే వర్తిస్తాయి. అప్పటికే కట్టిన కనెక్షన్‌ని అవి ముట్టుకోవు. సబ్‌స్క్రైబ్, లింగర్ లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది, కానీ ఏది దేనికో గుర్తుపెట్టుకునే కంటే సాకెట్ తెరవగానే ఆప్షన్లన్నీ పెట్టేసి, చివర్లో కనెక్ట్ రాయడం హాయి.

హై వాటర్ మార్క్ గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, చాలామంది పడేది ఈ గుంటలోనే. కనెక్షన్ లేనప్పుడు, లేదా అవతలివాడు నెమ్మదిగా తీసుకుంటున్నప్పుడు, క్యూలో ఎన్ని మెసేజ్‌లు పేరుకోవచ్చో చెప్పేది ఇది. పంపే వైపు ఒకటి, తీసుకునే వైపు ఒకటి. రెండింటికీ డిఫాల్ట్ 1000. పాత 2 వెర్షన్లలో డిఫాల్ట్‌గా హద్దే ఉండేది కాదు, మెమరీ నిండేదాకా పేరుకునేది. వెయ్యి అంటే కచ్చితంగా వెయ్యి పడతాయని కూడా కాదు, లోపలి ఏర్పాటు వల్ల తక్కువే పట్టొచ్చు. పైగా లెక్క మెసేజ్‌లలో, బైట్లలో కాదు. మా రీడింగ్ రెండు వందల బైట్లు, వెయ్యి పేరుకున్నా ఏమీ కాదు. చెరువు ఫొటోలు కూడా పంపమని బాబాయి అడిగాడు. ఒక్కోటి 200 కిలోబైట్లనుకుంటే వెయ్యికి 200 మెగాబైట్లు. మా పైలో ఉన్నది ఒక జీబీ ర్యామ్. ఫొటోల సాకెట్‌కి 20 పెట్టాను.

హద్దు నిండాక ఏమవుతుందన్నది సాకెట్ రకాన్ని బట్టి ఉంటుంది. పబ్ (వింటున్న అందరికీ ప్రకటించే రకం) అయితే కొత్త మెసేజ్‌ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. పుష్, డీలర్ అయితే చోటు దొరికేదాకా సెండ్ దగ్గరే ఆగిపోతాయి. రౌటర్ పారేస్తుంది, రౌటర్ మ్యాండేటరీ అనే ఆప్షన్ పెడితే పారేయకుండా అదీ ఆగుతుంది. మాది పుష్. పది సెకన్లకొకటి చొప్పున వెయ్యి మెసేజ్‌లంటే రెండు గంటల నలభై ఆరు నిమిషాలు. ఒక వానాకాలం రోజు నెట్‌వర్క్ పొద్దుట్నుంచీ లేదు. మధ్యాహ్నానికల్లా సెండ్ ఆగిపోయింది, దాంతోపాటు ప్రోబ్ చదివే లూప్ ఆగిపోయింది, అదే లూప్‌లో ఉన్న గట్టు మీది బజర్ కూడా. నెట్ లేకపోతే నెట్‌కి సంబంధం లేని బజర్ చావడం పూర్తిగా నా ప్రోగ్రాం చేసిన పాపం. సెండ్ టైమవుట్ డిఫాల్ట్ మైనస్ ఒకటి, అంటే ఎంతసేపైనా ఆగు అని. దాన్ని 200 చేశాను. ఆలోపు వెళ్లకపోతే "మళ్లీ ప్రయత్నించు" అనే ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకుని లూప్ ముందుకు సాగుతుంది.

ఆ తర్వాత సాకెట్‌ని రెండుగా విడగొట్టాను, ఎందుకంటే బాబాయికి కావాల్సినవి రెండు. ఇప్పుడు డీవో ఎంత అన్నది ఒకటి, పంట మొత్తానికీ రోజువారీ లెక్క ఒకటి. మొదటిదానికి పాత రీడింగ్ చెత్తతో సమానం, రెండోదానికి ఒక్కటి కూడా పోకూడదు. ఒకే క్యూతో ఈ రెండు కోరికలూ తీరవు.

ఇప్పటి రీడింగ్ సాకెట్‌కి కన్‌ఫ్లేట్ 1. క్యూలో ఎప్పుడూ ఆఖరి మెసేజ్ ఒక్కటే ఉంటుంది, కొత్తది రాగానే పాతది పోతుంది, హై వాటర్ మార్క్‌ని పట్టించుకోదు. ఒక షరతు: మెసేజ్ ఒకే ముక్కగా ఉండాలి. చెరువు పేరు ఒక ఫ్రేమ్, విలువలు ఇంకో ఫ్రేమ్ అని మల్టీపార్ట్‌గా పంపితే కన్‌ఫ్లేట్ కుదరదు. అన్నీ కలిపి ఒకే ఫ్రేమ్‌లో పెట్టండి. దీన్ని పెట్టె వైపే పెట్టాను, చాలా చెరువులు వచ్చి కలిసే సర్వర్ వైపు కాదు.

లెక్క సాకెట్‌కి హై వాటర్ మార్క్ పెంచుకుంటూ పోవడం మందు కాదు. క్యూ ఉండేది ర్యామ్‌లో, కరెంటు పోతే అదీ పోతుంది. అందుకే ప్రతి రీడింగ్‌నీ ముందు కార్డులోని ఫైల్‌లో వరస నంబరుతో రాసి, ఆ తర్వాత పంపుతున్నాను. నంబర్లలో ఖాళీ కనిపిస్తే సర్వర్ అడిగి తెప్పించుకుంటుంది. ఈ పని ఏ ఆప్షనూ చేయదు, మనమే రాసుకోవాలి.

మూడోది అలారం సాకెట్, దీనికి ఇమ్మీడియట్ 1. మామూలుగా కనెక్ట్ అన్న క్షణం నుంచే, అవతల ఎవరూ లేకపోయినా మెసేజ్‌లు క్యూలో చేరతాయి. ఇమ్మీడియట్ పెడితే నిజంగా కుదిరిన కనెక్షన్‌కే చేరతాయి. సెండ్ టైమవుట్‌తో కలిపితే దారి లేదన్న సంగతి అప్పుడే తెలుస్తుంది, పెట్టె తన సిమ్ నుంచే బాబాయికి ఎస్సెమ్మెస్ కొడుతుంది.

లింగర్‌ది చిన్న కథ. సాకెట్ మూసేటప్పుడు ఇంకా వెళ్లని మెసేజ్‌ల కోసం ఎంతసేపు ఆగాలన్నది అది. డిఫాల్ట్ మైనస్ ఒకటి. సర్వర్ దొరకని రోజు ప్రోగ్రాంని రీస్టార్ట్ చేస్తే సాకెట్లన్నిటినీ పట్టి ఉంచే కాంటెక్స్ట్‌ని మూసే దగ్గర వేలాడుతుంది, లినక్స్‌లో ప్రోగ్రాంలను నడిపే సిస్టమ్‌డీ తన డిఫాల్ట్ 90 సెకన్లు చూసి పీక నొక్కేస్తుంది. ఇప్పటి రీడింగ్‌కి 0, లెక్కకి 2000 పెట్టాను.

రీకనెక్ట్ ఇంటర్వెల్ డిఫాల్ట్ 100, మ్యాక్స్ 0, అంటే సర్వర్ లేనంతసేపూ సెకనుకి పదిసార్ల దాకా తలుపు తడుతూనే ఉంటుంది. దాన్ని 1000, మ్యాక్స్‌ని 15000 చేశాను. విఫలమైన కొద్దీ వ్యవధి రెట్టింపవుతూ పదిహేను సెకన్ల దగ్గర ఆగుతుంది.

సర్వర్ నుంచి స్క్రీన్లకి వెళ్లేది పబ్, సబ్: పబ్ ప్రకటిస్తుంది, సబ్ వింటుంది. సబ్ సాకెట్‌కి సబ్‌స్క్రైబ్ పెట్టకపోతే ఒక్క మెసేజ్ కూడా రాదు, ఇది అందరికీ మొదటిరోజే తెలుస్తుంది. తెలియనిది ఇంకొకటి: పోలిక మొదటి అక్షరాల వరకే. చెరువు 1కి "1" అని సబ్‌స్క్రైబ్ చేస్తే 10, 11, 12 కూడా వచ్చి పడతాయి. ఒక వారం బాబాయి స్క్రీన్ మీద ఒకటో చెరువు డీవో ఎగిరెగిరి పడింది. నంబరు తర్వాత ఒక గీత పెట్టి, గీతతో సహా సబ్‌స్క్రైబ్ చేస్తే తీరింది.

ఇవన్నీ పెట్టాక పరీక్ష ఎలా? సర్వర్ ప్రోగ్రాంని చంపి చూడటం పరీక్ష కాదు. ప్రోగ్రాం చచ్చినా ఆ మెషిన్ కెర్నెల్ కనెక్షన్‌ని మర్యాదగా మూసేస్తుంది, పెట్టెకి వెంటనే తెలిసిపోతుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మన శత్రువు చప్పుడు లేని చావు. లినక్స్ ఫైర్‌వాల్ కమాండ్ ఐపీటేబుల్స్‌తో పెట్టె నుంచి ఆ పోర్ట్‌కి వెళ్లే ప్యాకెట్లన్నీ డ్రాప్ అనండి. రిజెక్ట్ కాదు, డ్రాప్. తర్వాత కనెక్షన్లన్నీ చూపించే ఎస్ఎస్ కమాండ్‌లో సెండ్-క్యూ అంకె (జవాబు రాక కెర్నెల్ దగ్గరే ఉన్న బైట్లు) చూడండి. హార్ట్‌బీట్ లేనప్పుడు అది రెండు వందలు, నాలుగు వందలు, ఆరు వందలని పెరుగుతూ పోయింది. పోయిన మా తొంభై రీడింగ్‌లు అలా అక్కడే కూర్చున్నాయన్నమాట. హార్ట్‌బీట్ పెట్టాక నలభై సెకన్లలోపే ఆ లైనే మాయమై కొత్త కనెక్షన్ ప్రయత్నం కనిపించింది. సాకెట్ మానిటర్ తెరిచి ఉంచితే డిస్‌కనెక్టెడ్, కనెక్ట్ రీట్రైడ్ అన్న ఈవెంట్లు కూడా వరసగా వస్తాయి.

స్క్రీన్ మీద ఇప్పుడు డీవో పక్కనే ఆ రీడింగ్ ఎన్ని సెకన్ల కిందటిదో కనిపిస్తుంది. పెట్టె వేసిన టైం అది, సర్వర్‌కి చేరిన టైం కాదు. మొదట పదిహేను సెకన్లు దాటితే ఎర్రబడేలా పెట్టాను. వారం తిరక్కుండా బాబాయి ఫోన్: "మాటిమాటికీ ఎర్రబడుతోందిరా, ప్రతిసారీ నా గుండె ఆగుతోంది." మా ఊరి 4జీలో ఒక రీడింగ్ తప్పడం మామూలే. దాన్ని నలభై చేసి, టీటీఎల్‌నీ అంతే ఉంచాను.