గీత వేగం, రంగు అంచు: నైరూప్య చిత్రం చూడటం నేర్చుకుందాం (3వ పాఠం)

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? ఒక నైరూప్య చిత్రం ముందు ఐదు నిమిషాలు కూర్చుని, కంటికి కనబడినది మాత్రమే రాయమన్నాను. మీ కాగితం ఒకసారి తీయండి. "ఎరుపు ఉంది కాబట్టి కోపం, నీలం ఉంది కాబట్టి ప్రశాంతత" లాంటి వాక్యం ఎక్కడైనా ఉంటే దాని మీద అడ్డంగా గీత కొట్టేయండి. సిగ్గుపడక్కర్లేదు, నా పాత నోట్సు నిండా అవే. పెళ్లిచీర ఎరుపే, కరెంటు స్తంభం మీద పుర్రెబొమ్మ పక్కన రాసిన "ప్రమాదం" కూడా ఎరుపే. రంగు పేరు పట్టుకుని అర్థం లాగబోతే చేతికి ఏమీ రాదు.

మనం చూస్తున్నది 1940ల చివరి నుంచి 1950ల దాకా న్యూయార్క్ చుట్టుపక్కల పనిచేసిన అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టులనే చిత్రకారులను. వీళ్లు చిత్రంలోంచి బొమ్మను తీసేశారు. బొమ్మ పోయాక చూసేవాడికి దొరికే ఆనవాళ్లు ముఖ్యంగా రెండు: గీత ఎంత వేగంగా పడింది, రంగు ఎక్కడ ఎలా ఆగింది. ఇవాళ్టి పాఠం ఈ రెండింటి గురించే.

ముందు చేత్తో చేసి చూద్దాం. గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్ పెయింట్ ఇంట్లో ఉంటే తీయండి, నలుపైతే మంచిది. చిక్కగా ఉంటే కాస్త టర్పెంటైన్ కలపండి. తలుపులు తీసి పెట్టుకోండి, లేకపోతే ఆ వాసనకు తలనొప్పి ఖాయం. నేల మీద పాత పేపర్లు పరిచి, మధ్యలో పెద్ద అట్టముక్క పెట్టండి. నేను మొదటిసారి పేపర్లు పరవలేదు. వరండా టైల్స్ మీద ఆ నల్లచుక్కలు ఇప్పటికీ ఉన్నాయి, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ మావాళ్లు చూపించి మరీ చెబుతుంటారు.

ఒక పుల్లను పెయింట్‌లో ముంచి, అట్టకు అడుగు ఎత్తున పట్టుకోండి. పుల్ల అట్టను తాకకూడదు. మొదట చాలా నెమ్మదిగా జరపండి. తీగపాకం ప్లేటులో పోసినప్పుడు ధార తన మీద తానే మడతలు పడుతుంది చూడండి, పెయింట్ కూడా అలాగే చిన్న చిన్న చుట్లు చుట్టుకుంటూ పడుతుంది. ఇప్పుడు వేగంగా జరపండి. చుట్లు మాయమై గీత సాఫీగా సాగుతుంది. ఇంకా వేగం పెంచితే గీత సన్నబడి, చివరికి తెగి చుక్కలవుతుంది. చెయ్యి చటుక్కున తిప్పితే వంపు బయటివైపు చిన్న చిన్న తుంపర్లు పడతాయి. ఆపితే అక్కడ మడుగు కడుతుంది.

ముగ్గు వేసే చేతికి ఇందులో సగం తెలుసు. వేళ్లు నేలను తాకవు, పిండి గాల్లోంచి జారుతుంది, చెయ్యి తటపటాయించిన చోట గీత లావెక్కుతుంది. కాకపోతే ముగ్గుకు ముందే పెట్టిన చుక్కలుంటాయి, గీత ఎటు పోవాలో అవి చెబుతాయి. ఆ న్యూయార్క్ చిత్రకారుల్లో ఒకడైన జాక్సన్ పొలాక్ కూడా ఇలా రంగును గాల్లోంచి ధారగా వదిలే వేశాడు, కానీ ఆయనకు అలా దారి చూపే చుక్కల్లేవు.

ఇప్పుడు అట్ట పక్కన పెట్టి, పొలాక్ 1950లో వేసిన 'ఆటమ్ రిథమ్: నంబర్ 30' చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో బాగా పెద్దది చేసి చూడొచ్చు. ఎత్తు 2.6 మీటర్ల పైన, పొడవు 5.2 మీటర్ల పైన. లాంగ్ ఐలాండ్‌లో తన ఇంటి పక్కనున్న కొట్టంలో కాన్వాసు నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ వేశాడు. పేరులో శరదృతువు ఉందని రాలే ఆకుల్ని వెతక్కండి. ఆయన చిత్రాలకు అంకెలు పెట్టిందే జనం బొమ్మలు వెతకడం మానాలని.

మొదట అన్నిటికన్నా కిందున్న నలుపును పట్టుకోండి. కాన్వాసుకు ముందు పూత ఏదీ వేయలేదు, అందుకే పలచని నలుపు బట్టలోకి ఇంకిపోయింది. ఇంకిన చోట మెరుపుండదు, అంచు కాస్త మెత్తబడి ఉంటుంది. దాని మీద తెలుపు, గోధుమ రంగు, అక్కడక్కడ నీలిబూడిద. ఇవి పైన తేలినట్టు కనిపిస్తాయి. ఒక తెల్లగీతను ఎంచుకుని మొదటి నుంచి చివరి దాకా చూపుడువేలితో తెర మీద వెంబడించండి. ఎక్కడ సన్నబడింది, ఎక్కడ మడుగు కట్టింది, ఎక్కడ తుంపర్లు వదిలింది? అట్ట మీద మీ చెయ్యి చేసినవే కదా ఇవన్నీ. తేడా ఏమిటంటే మీకు దొరికిన పాకం చుట్లు ఆయన దగ్గర అరుదు. 2019లో ద్రవాల మీద పనిచేసే పరిశోధకులు కొందరు పొలాక్ పనిచేస్తున్న పాత వీడియోలు చూసి, చెయ్యి వేగమూ ఎత్తూ కొలిచారు. ధార చుట్లు చుట్టుకునే పరిస్థితిని ఆయన తప్పించుకుంటూ పోయాడని తేల్చారు. అంటే చూడ్డానికి చిందరవందరగా ఉన్నా, చెయ్యి ఒక వేగం కన్నా కిందికి రాకుండా కాపాడుకుంది. గీత వెంట వేలు పోనిచ్చినప్పుడు మీ భుజం తెలియకుండానే కాస్త కదులుతుంది. నా లెక్కలో ఈ చిత్రం అర్థం అక్కడుంది, ఆ భుజం కదలికలో.

వీళ్లలోనే ఇంకొకడు ఫ్రాంజ్ క్లైన్. ఆయన గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటి చూపిస్తా. 1950 నాటి 'చీఫ్', న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఉంది. పెన్సిల్వేనియా బొగ్గుగనుల ప్రాంతంలో పెరిగిన క్లైన్‌కు చిన్నప్పటి నుంచి తెలిసిన రైలింజను పేరది. తెల్లటి కాన్వాసు మీద నల్లటి దెబ్బలు కొట్టాడనుకుంటాం. అంచులు దగ్గరగా చూస్తే తెలుపు కూడా కుంచెతో వేసిందే, కొన్నిచోట్ల నలుపు మీదికి వచ్చి దాన్ని కోసేసింది. అక్కడ తెలుపును ఖాళీ అనలేం, అది నలుపును నెడుతోంది. ఆ చిత్రంలో కనబడే బరువంతా ఈ తోపులాటదే.

ఇక రంగు అంచు. ఈ గుంపులోనే మరో చిత్రకారుడు మార్క్ రోత్కో దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఎరుపంటే కోపం, నీలమంటే ప్రశాంతత అనే రంగుల నిఘంటువు పూర్తిగా చేతులెత్తేసేది ఈయన ముందే. పెద్ద నిలువు కాన్వాసు, అందులో ఒకదాని కింద ఒకటి రెండు మూడు రంగుల దీర్ఘచతురస్రాలు. ఆయన రంగును బాగా పలచన చేసి పొర మీద పొర వేసేవాడు. అడుగు పొర పై పొరలోంచి తొంగిచూస్తుంది. దీర్ఘచతురస్రం అంచు స్కేలు పెట్టి గీసినట్టు ఆగదు, ఉన్నిదుప్పటి అంచులా నూగునూగుగా ఉంటుంది. గట్టి అంచు ఉంటే ఏది ముందుందో ఏది వెనకుందో కన్ను వెంటనే తేల్చేస్తుంది. ఈ అంచు దగ్గర తేల్చుకోలేదు. అందుకే రంగు ఒకసారి మన మీదికి వస్తున్నట్టు, ఇంకోసారి వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. చూసేవాళ్లు సుమారు 45 సెంటీమీటర్ల దూరంలో నిలబడాలని రోత్కో అనేవాడు. అంత దగ్గర నుంచి చూస్తే కాన్వాసు చివరలు కంటికి అందవు, రంగు మాత్రమే మిగులుతుంది.

1958లో న్యూయార్క్ సీగ్రామ్ భవనంలోని ఖరీదైన రెస్టారెంటు కోసం ఆయన కుడ్యచిత్రాలు మొదలుపెట్టాడు. వాటిలో ఎక్కువ కనబడేవి మెరూన్, నలుపు, ముదురు ఎరుపు. ఇక్కడ దీర్ఘచతురస్రాల మధ్యభాగం ఖాళీ అయి చట్రం మాత్రం మిగిలింది, కిటికీలా. కానీ లోపలా బయటా దాదాపు ఒకే చీకటి, అంచు మళ్లీ నూగే. కిటికీ ఉంది, అందులోంచి చూడటానికి ఏమీ లేదు. ఫ్లోరెన్స్‌లో మైకెలాంజెలో కట్టిన గ్రంథాలయం మెట్లగదిలోని మూసిన కిటికీలు తన మనసులో ఉన్నాయని రోత్కోనే చెప్పాడు. భోజనం చేసేవాళ్ల గోడకు ఇవా? చివరికి ఆయనే డబ్బు తిరిగిచ్చేసి చిత్రాలు వెనక్కి తీసుకున్నాడు. వాటిలో తొమ్మిది ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియానివి. ఆయన చనిపోయిన రోజునే, 1970 ఫిబ్రవరి 25న, అవి లండన్ చేరాయి. ఈ సంగతి తెలిశాక ఆ మెరూన్‌లో చావును చూడాలనిపిస్తుంది. చూడకండి. అవి అప్పటికి పదేళ్ల కిందట వేసినవి. కిటికీ మూసుకుపోయిన భావం అంచుల్లోనే ఉంది, జీవితచరిత్ర అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఈ వారం పని. ఒక డ్రాయింగ్ షీటును మధ్యకు మడిచి విప్పండి. వాటర్‌కలర్‌తో రెండు సగాలకూ పలచని ఎరుపు పూసి ఆరనివ్వండి. ఎడమవైపు మధ్యలో, టేపు అంటించి, గట్టి అంచుతో ముదురు నీలం దీర్ఘచతురస్రం వేయండి. కుడివైపు అదే నీలం, అదే కొలత, కానీ అంచులు తడి ఉండగానే పొడి కుంచెతో బయటికి దువ్వండి. గోడకు అంటించి సాయంత్రం లైటు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూసి, ఏ నీలం ఎప్పుడు ముందుకొచ్చిందో రాసుకోండి. వాడిన టేపు పారేయకండి. వచ్చే పాఠంలో, వీళ్లలోనే ఒకడైన బార్నెట్ న్యూమన్ 1948 జనవరి 29న, తన పుట్టినరోజు నాడు, కాన్వాసు నడుమ అంటించిన టేపు మీద ఎరుపు పూసి, టేపు పీకకుండా ఎందుకు ఆగిపోయాడో చూస్తాం. దానికి మీ టేపుముక్క కావాలి.