థాయ్ పద్ధతిలో కాళ్లు పట్టడం ఎలా

థాయ్ మర్దన కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు పది నిమిషాలు తిరక్కుండానే బొటనవేళ్లు లాగేస్తాయి. చేతి బలంతో నొక్కితే అంతే. ఈ పద్ధతిలో నొక్కాల్సింది ఒంటి బరువు. ఆ బరువును కిందికి దింపే ఊతకర్ర లాంటిది చెయ్యి. ఇదొక్కటి పట్టుబడితే మిగతాది వరస గుర్తుపెట్టుకోవడమే.

థాయ్‌లాండ్‌లో దీన్ని నువద్ థాయ్ అంటారు. నూనె ఉండదు, బల్ల ఉండదు, బట్టలు విప్పే పని లేదు. వాళ్ల వైద్యం లెక్కలో ఒళ్లు అంటే మట్టి, నీరు, గాలి, నిప్పు. గాలి తిరిగే దారుల్ని ‘సెన్’ అంటారు. ముఖ్యమైనవి పది, అన్నీ బొడ్డు చుట్టూ మొదలవుతాయి. దారి మూసుకుంటే నొప్పి, తెరుచుకుంటే హాయి. మొదటి మూడు సెన్‌ల పేర్లు ఇథా, పింగ్‌ఖలా, సుమనా. మన యోగంలో నాడులుగా చెప్పే ఇడ, పింగళ, సుషుమ్నలే ఇవి అని తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. దారి మాత్రం వేరు: థాయ్ ఇథా ఎడమ తొడ మీదుగా మోకాలి దాకా దిగి, తొడ వెనక నుంచి మళ్లీ పైకెక్కి, వెన్ను పక్కగా తల దాకా వెళ్లి ఎడమ ముక్కు దగ్గర ఆగుతుంది. 19వ శతాబ్దంలో మూడో రామా రాజు ఈ గీతల్ని, నొక్కాల్సిన చోట్లను బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో రాతిపలకల మీద చెక్కించాడు. అవి ఇప్పటికీ అక్కడి గోడలకు ఉన్నాయి. ఒళ్లు కోసి వెతికితే సెన్ కనపడదు, నిజమే. కానీ కాళ్ల మీద ఈ గీతలు చాలావరకు ఎముకకూ కండకూ మధ్య, కండకూ కండకూ మధ్య ఉండే గాడుల వెంటే పోతాయి. అందుకే వేలికి దారి ఇట్టే దొరుకుతుంది.

నేల మీద గట్టి పరుపు వేయండి, రెండంగుళాల మందం చాలు. మంచం పనికిరాదు. మీ బరువంతా స్ప్రింగులే మింగేస్తాయి. పడుకునే మనిషి వదులు బట్టలు వేసుకోవాలి, తిని కనీసం గంటన్నర అయి ఉండాలి. మీ గోళ్లు పూర్తిగా కత్తిరించుకోండి.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి పాదాల దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. రెండు అరచేతులూ రెండు పాదాల లోపలి వంపు మీద ఆనించి, మోచేతులు వంచకుండా, నడుము నుంచి ముందుకు ఒరగండి. వెనక్కి రండి. మళ్లీ ఒరగండి. ఊయల ఊగినట్టు ఒక నిమిషం చేస్తే మీకూ అవతలి మనిషికీ ఊపిరి ఒక లయకు వస్తుంది. తర్వాత మడమ నుంచి ఒక్కో వేలి వైపు ఒక్కో గీత చొప్పున, అరికాలి మీద ఐదు గీతలు బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి.

ఇక కాలు. ముందు అరచెయ్యి, తర్వాత బొటనవేలు, చివర మళ్లీ అరచెయ్యి. ఈ వరస తప్పకూడదు. వేడెక్కని కండ మీద నేరుగా బొటనవేలు దిగితే అది బిగుసుకుని ఎదురు తిరుగుతుంది. చీలమండ నుంచి మోకాలి కింది దాకా, మోకాలిచిప్పను వదిలేసి అక్కణ్ణుంచి తొడ పై దాకా అరచేతులతో నడవండి, అదే దారిన వెనక్కి రండి.

వెలుపలి వైపు మొదటి గీత ముంజంగ ఎముకకు, అంటే మోకాలి కింద కాలి ముందు వైపు ఉండే ఎముకకు, ఒక వేలి వెడల్పు పక్కన ఉంటుంది. చీలమండ ముందు నుంచి మోకాలిచిప్ప కింది దాకా పోతుంది. బొటనవేలి మెత్తటి భాగాన్ని అక్కడ ఆనించి, వేలు, మణికట్టు, మోచెయ్యి, భుజం ఒకే వరసలో పెట్టండి. అవతలి మనిషి ఊపిరి వదిలేటప్పుడు మెల్లగా ఒరగండి. వేలు కొంచెం దిగి ఒక చోట అడ్డం తగులుతుంది. అక్కడే ఆగండి, తొయ్యకండి. మూడు నాలుగు క్షణాలకు ఆ అడ్డు వెన్నలా సడలి వేలు ఇంకాస్త లోపలికి దిగుతుంది. నొక్కడమంటే ఇదే. మెల్లగా వదిలి, ఒక బొటనవేలి వెడల్పు జరిగి మళ్లీ నొక్కండి. ఒక గీత మీద రెండు మూడు సార్లు తిరగాలి. లోపలి వైపు గీత మడమ పక్క గుండ్రటి ఎముక వెనక నుంచి ముంజంగ ఎముక అంచు కిందుగా పోతుంది. అక్కడ కండ సున్నితం, బరువు సగానికి తగ్గించండి.

వేలి మొదటి కణుపు వెనక్కి వంగుతోందంటే బరువు కండలోకి కాదు, మీ కీలులోకి పోతోందన్నమాట. ఎముక మీద నొక్కితే, రుద్దితే, గబగబా పోతే నొప్పే తప్ప సుఖం లేదు. అవతలి మనిషి ఊపిరి బిగబట్టినా, కాలి వేళ్లు ముడిచినా మీరు హద్దు దాటినట్టే, నోటితో ‘బాగానే ఉంది’ అన్నా సరే.

చివరి అరచేతి నడక అయ్యాక మడమను ఒక చేత్తో పట్టి మోకాలిని పొట్ట వైపు వంచండి. ఊపిరి వదిలేటప్పుడే ముందుకు ఒరగండి, పది క్షణాలు నిలపండి, కుదుపు ఇవ్వొద్దు. ఒక కాలికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది.

గజ్జల్లో నాడి కొట్టుకునే చోట అరచేత్తో నొక్కిపట్టి వదలడం అనేది ఒకటుంది. ‘గాలి ద్వారం తెరవడం’ అంటారు. రక్తనాళాన్ని నేరుగా అదిమే పని అది. నేర్చుకున్న గురువు పక్కన లేకుండా ముట్టుకోకండి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లకైతే అసలు వద్దు. జ్వరం, ఉబ్బిన నరాలు, గర్భం, ఎముకలు గుల్లబారడం, ఈమధ్య జరిగిన ఆపరేషన్, రక్తం పలచబడే మందులు, వీటిలో ఏదున్నా ముందు డాక్టరును అడగాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. నొక్కితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ కాలిని పట్టకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.