మంచం తల మీద పటం: వంకరపోతోందా, ఊడిపోతోందా, అసలు కుదరట్లేదా?

పడకగదిలో మంచం తల వైపు గోడకి తగిలించే పటం మిగతా గోడల మీద పటాల్లాంటిది కాదు. దాని కింద మనం పడుకుంటాం, దాని వెడల్పు మంచంతో పోటీ పడుతుంది, పైగా చాలా ఫ్లాట్లలో ఆ గోడ వెనకే అటాచ్డ్ బాత్రూమ్ ఉంటుంది. వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ మూడింట్లో ఏదో ఒకదాని వల్లే. కాబట్టి మీ ఇంట్లో ఏం జరుగుతోందో చూసి నేరుగా అక్కడికే వెళ్లండి.

మంచి పటమే, కానీ గోడ మీద దిక్కులేనట్టు కనిపిస్తోంది

సైజు చాల్లేదు. షాపులో పక్కన అన్నీ చిన్న పటాలే ఉంటాయి కాబట్టి అక్కడ పెద్దగా అనిపిస్తుంది, ఇంటికి తెచ్చి ఆరడుగుల మంచం మీద పెడితే తపాలా బిళ్లలా తేలిపోతుంది. మంచం వెడల్పులో మూడింట రెండు వంతులు ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క: క్వీన్ సైజు 60 అంగుళాలైతే పటం 40 అంగుళాల దగ్గర, కింగ్ 72 అయితే 48 దగ్గర. ఇప్పటికే చిన్నది కొనేశారా? పారేయక్కర్లేదు, అదే సైజువి ఇంకో రెండు తెచ్చి మధ్యలో రెండు మూడు అంగుళాలు వదిలి వరసగా పెట్టండి, మూడూ కలిపి ఒకటే పటం అన్నట్టు కొలవండి.

ఎత్తు ఇంకో తప్పు. హాల్లో నిలబడి చూసే ఎత్తులోనే ఇక్కడా కొట్టేస్తారు, దాంతో హెడ్‌బోర్డుకీ పటానికీ మధ్య బోలెడు ఖాళీ మిగిలి రెండూ సంబంధం లేనట్టు ఉంటాయి. హెడ్‌బోర్డు పై అంచు నుంచి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. హెడ్‌బోర్డు లేని దివాన్ అయితే దిండు వేసుకుని గోడకి ఆనుకుని కూర్చోండి, తల తగలనంత పైకి జరపండి. పాత పేపరు షీట్లు అతికించి పటం సైజుకి కత్తిరించి, టేపుతో గోడకి అంటించి ఒక రోజు అలా వదిలేస్తే గోడకి ఒక్క కన్నం కూడా పెట్టకుండా సంగతి తేలిపోతుంది.

కొనే ముందు ఇంకో మాట. శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల బొమ్మలు ఎక్కువగా రామాయణ, భారత, పురాణ కథలే. పడకగదిలో దేవుడి పటాలు వద్దనే ఇళ్లు చాలా ఉన్నాయి, కొన్నాక అత్తయ్యగారితో వాదన పెట్టుకునే కంటే ముందే జీవవృక్షమో, నెమళ్లో, పల్లె దృశ్యమో ఎంచుకోవడం తేలిక. చేర్యాల వాళ్ల పెద్ద పటాలు సంప్రదాయంగా నిలువుగా చుట్టే రకం, మంచం పైకి అడ్డంగా ఉండే బొమ్మ కావాలని అడిగి తీసుకోండి.

ఎన్నిసార్లు సరిచేసినా ఒక పక్కకి వాలిపోతోంది

ఒక్క మేకు, ఒక తాడు. తలుపు ధడాల్న పడినా, దులిపినా, మంచం కదిలి గోడకి తగిలినా కొంచెం కొంచెం జారుతుంది. తాడు తీసేసి ఫ్రేము వెనక రెండు పక్కలా రింగులు బిగించి, గోడకి రెండు హుక్కులు పెట్టండి. రింగుల మధ్య దూరాన్ని కాగితం మీద గుర్తు పెట్టి ఆ కాగితాన్నే గోడకి అంటిస్తే కొలత తప్పదు. తాపీమేస్త్రీ వాడే రసమట్టం దొరికితే సరే, లేకపోతే ఫోన్లో లెవెల్ యాప్ చాలు. కింది రెండు మూలలకి చిన్న ఫోమ్ ముక్కలు అంటించండి, జారడం ఆగుతుంది.

రసమట్టం బాగుందంటోంది కానీ కంటికి వంకరగానే ఉందా? హెడ్‌బోర్డే ఒక పక్కకి ఒరిగి ఉండొచ్చు. నన్నడిగితే అప్పుడు రసమట్టాన్ని పక్కనపెట్టి హెడ్‌బోర్డు అంచుకే సమానంగా పెట్టేయమంటాను, ఎందుకంటే కన్ను చూసేది ఆ రెంటి మధ్య సందునే.

మేకు వంగిపోతోంది, లేదా గోడ పొడి పొడిగా రాలిపోతోంది

మేకు మార్చే ముందు గోడ ఏంటో తెలుసుకోండి. డ్రిల్ మిషన్‌తో మొదలుపెట్టగానే కింద ఒక కాగితం పట్టుకుని రాలే పొడి చూడండి. ముందు తెల్లగా లప్పం, తర్వాత బూడిద రంగులో గిలాబు రావడం మామూలే, అసలు సంగతి దాని తర్వాత తెలుస్తుంది. ఎర్రపొడి వస్తే ఇటుక గోడ: 6 ఎం.ఎం. బిట్, అదే సైజు ప్లాస్టిక్ ప్లగ్, స్క్రూ. ప్లగ్ గిలాబులోనే ఆగిపోతే పనికిరాదు, ఇటుకలోకి దిగాలి, చాలామందికి ఊడిపోయేది ఇక్కడే. బూడిదరంగు పొడి సన్నగా వస్తూ బిట్ ముందుకు కదలనని మొరాయిస్తే కాంక్రీటు. ఈమధ్య అపార్టుమెంట్లలో మివాన్ అనే అల్యూమినియం అచ్చుల పద్ధతిలో గోడలు మొత్తం కాంక్రీటుతోనే పోస్తున్నారు, అక్కడ సుత్తితో స్టీలు మేకు కొట్టడం దండగ, హ్యామర్ డ్రిల్లే కావాలి. బిట్ వెన్నలోకి దిగినట్టు దిగిపోయి తెల్లటి మెత్తటి పొడి గుట్టగా పడితే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకు. ఇక్కడ హ్యామర్ మోడ్ ఆపేయండి, లేకపోతే కన్నం పెద్దదై ప్లగ్ ఊరికే తిరుగుతుంది. ఏఏసీ కోసం విడిగా వచ్చే ప్లగ్‌లు హార్డ్‌వేర్ షాపులో అడగండి.

కన్నం ఇప్పటికే లొడలొడలాడుతోందా? అగ్గిపుల్లలు కుక్కొద్దు. 8 ఎం.ఎం. ప్లగ్‌కి మారండి, లేదా రెండు అంగుళాలు పక్కకి జరిపి కొత్తది వేసి పాతదాన్ని లప్పంతో పూడ్చండి, పటం వెనక ఎవరికీ కనపడదు.

మంచానికి అటూ ఇటూ స్విచ్ బోర్డులుంటాయి కదా, వాటికి సూటిగా పైన, అడ్డంగా అదే ఎత్తులో డ్రిల్ పెట్టొద్దు. లోపల వైర్లు ఎక్కువగా అలాగే పోతాయి. వెనక బాత్రూమ్ ఉంటే అవతల కుళాయిలు, షవర్ ఎక్కడున్నాయో ఒకసారి వెళ్లి చూసి రండి.

నెత్తిన పడుతుందేమోనని నిద్ర పట్టట్లేదు

ఈ టెన్షన్ న్యాయమైనదే. నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు పటానికి 3 ఎం.ఎం. అద్దం వేస్తే అద్దం ఒక్కటే దాదాపు ఏడు కిలోలు. ఫ్రేము కట్టేవాళ్లకి అద్దం బదులు యాక్రిలిక్ షీటు వేయమని చెప్పండి, బరువు సగం కంటే తగ్గుతుంది, పగిలినా అద్దంలా గుచ్చుకునే ముక్కలు కావు. అసలు అద్దమే లేకుండా కాన్వాస్, లేదా చెక్క చట్రానికి బిగించిన కలంకారీ గుడ్డ అయితే ఇంకా హాయి. జనపతాడుతో, కొబ్బరితాడుతో బరువైన పటం వేలాడదీయొద్దు.

అంటించిన స్ట్రిప్పులు ఊడిపోయాయి, పెయింటు కూడా వచ్చేసింది

అద్దె ఇంట్లో ఓనరు మేకులు కొట్టొద్దంటే అందరూ పట్టుకునేది జిగురుతో గోడకి అంటించే ఈ స్ట్రిప్పుల్నే. గోడని అరచేత్తో రుద్దండి. చేతికి తెల్లపొడి అంటితే అది డిస్టెంపరో సున్నమో, దాని మీద ఏ స్ట్రిప్పూ నిలవదు, మీరు ఎంత ఖరీదైనది కొన్నా సరే. నున్నటి ఎమల్షన్ అయితే స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి అంటించండి, ప్యాకెట్ మీద రాసిన బరువులో సగానికి మించకండి. మంచం మీదికి అయితే తేలికపాటి కాన్వాస్‌కే వాడండి.

పటం వెనక నల్లమచ్చ, లోపల సన్నపురుగులు

గోడలో చెమ్మ ఉంది, పటం దానికి మూతలా అయింది. బాత్రూమ్ వైపు నుంచి వస్తోందా, బయటిగోడ నుంచి వానాకాలం దిగుతోందా చూసి అది బాగుచేయించే వరకు పటం తీసి వేరేచోట పెట్టండి, మచ్చమీద పెయింటు కొడితే మళ్లీ అదే వస్తుంది. చేర్యాల పటాలకి ఇది మరీ ప్రమాదం. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి దాని మీద బొమ్మ వేస్తారు, గంజి, జిగురు అంటే సిల్వర్‌ఫిష్ పురుగులకి విందుభోజనం. ఫ్రేము వెనక కాగితపు టేపుతో సందులు మూయించండి, నాలుగు మూలలా ఫోమ్ ముక్కలు పెట్టి గోడకీ పటానికీ మధ్య గాలి ఆడనివ్వండి. మడత మాత్రం పెట్టొద్దు, పూత పగుళ్లిస్తుంది.

రంగులు వెలిసిపోతున్నాయి

పడమటి కిటికీ ఎండ నేరుగా పడుతోంది. సహజరంగుల కలంకారీకి ఇది అసలు పడదు. సాయంత్రం నాలుగింటికి గదిలోకి వెళ్లి ఎండ గోడ మీద ఎక్కడిదాకా వస్తోందో చూడండి. పటం దాకా వస్తుంటే కర్టెన్ మందంది వేయండి, లేదా ఆ గోడకి ప్రింటు పటం పెట్టి కలంకారీని ఎండ తగలని గోడకి మార్చండి.